ఊరుకోబెట్టిన చేతులు

హుస్సేనీ ఆలంలో నేను పనిచేసిన బడికి గంట అంటే ఒక రైలుపట్టా ముక్క. వరండా చివర దూలానికి ఇనుప తీగతో వేలాడుతుండేది. ఆయమ్మ ఇనుప కడ్డీతో దాన్ని కొడితే ఆ మోత చెవుల్లో కాదు, పళ్ళలో వినపడేది. పాత హవేలీని అద్దెకు తీసుకుని నడిపిన బడి అది. చుట్టూ ఎత్తు గోడలు, మధ్యలో వాకిలి, వాకిట్లో ఎప్పుడో నీళ్ళుండి ఎండిపోయిన హౌజు. ఒకే ఆవరణలో తెలుగు మీడియం, ఉర్దూ మీడియం. రెండు భాషల్లో ఎక్కాలు ఒకేసారి వల్లె వేస్తుంటే, బయట సందులో ఆటోల హారన్లు, గోడ మీద పావురాల రెక్కల చప్పుడు. ఆ రొదలోనే మేం పాఠాలు చెప్పేవాళ్ళం. మాకు అలవాటైపోయింది. అలవాటు కానివాడొకడు 2006లో వచ్చాడు.

వాడికి తొమ్మిదేళ్ళు. మాటలు తక్కువ. విన్న మాటనే తిరిగి అనేవాడు. గంట మోగినప్పుడల్లా చెవులు మూసుకుని బల్ల కిందకి దూరేవాడు. లాగితే కొరికేవాడు. ఇంకా లాగితే తల నేలకేసి కొట్టుకునేవాడు. ఒకరోజు ఇంటర్వెల్ గంట తర్వాత ముగ్గురు టీచర్లం కలిసి వాణ్ణి పట్టుకున్నాం. ఒకరు కాళ్ళు, ఒకరు భుజాలు, నేను రెండు చేతులు. "ఊరుకో, ఊరుకో" అని నేను అరుస్తూనే ఉన్నాను. అరుస్తూ ఊరుకోమనడంలోని విడ్డూరం నాకప్పుడు తట్టలేదు. చుట్టూ నలభైమంది పిల్లలు నిలబడి చూస్తున్నారు.

ఆయమ్మ వచ్చి "ఇడిసిపెట్టుండ్రి మేడం. మీరు పట్టుకుంటే వాడు ఇంకింత బెదురుతుండు" అంది. పిల్లలందర్నీ బయటికి తోలి, తలుపు సగం మూసి, వాడికి కొంచెం ఎడంగా, వాడి వైపు చూడకుండా నేల మీద కూర్చుంది. మధ్యాహ్న భోజనం బియ్యం చేట ముందు పెట్టుకుని రాళ్ళు ఏరడం మొదలుపెట్టింది. ఒక్క మాట మాట్లాడలేదు. చాలాసేపటికి వాడు బల్ల కింద నుంచి పాక్కుంటూ వచ్చి చేటలో చెయ్యి పెట్టాడు. బియ్యాన్ని వేళ్ళ మధ్య నుంచి జారవిడుస్తూ కూర్చున్నాడు. నా మణికట్టు మీద వాడి పంటి గాట్లున్నాయి. వాడి మణికట్ల మీద నా వేలి గుర్తులున్నాయి. ఆ సంగతి ఇంతవరకు ఎక్కడా రాయలేదు.

ఆ బడి పేరు రాయను. రాస్తే తప్పు ఒక బడిదే అనుకుంటారు.

పిల్లవాడిది ఆటిజం అని మాకప్పుడు తెలీదు. స్టాఫ్‌రూంలో మాకున్న మాటలు వేరు. మొండి, జిద్దు, గాలి సోకింది, తల్లి గారాబం. ఏ మాటతో మొదలుపెట్టినా చర్చ చివరికి తల్లి దగ్గరికే చేరేది. తెలుగులో పిల్లల ఏడుపు ఆపడానికి ఎన్ని మాటలున్నాయో తర్వాతెప్పుడో లెక్కేసుకున్నాను. లాలించడం, బుజ్జగించడం, ఊరడించడం, సముదాయించడం, జోకొట్టడం. ఇవన్నీ పిల్లల పక్కన కూర్చుని చేసే పనులు. ఊరుకోబెట్టడం అనే మాట మాత్రం పక్క గదిలో పడుకున్న ఇంటాయన నిద్ర వైపు నుంచి పుట్టిందేమో అనిపిస్తుంది. పిల్లకి ఏమైందన్నది దానికి అక్కర్లేదు, చప్పుడు ఆగిందా లేదా అన్నదే కావాలి. బడి ఆ మాటనే పట్టుకుంది.

ఆడవాళ్ళకి ఈ కొలత కొత్తది కాదు. 19వ శతాబ్దపు అమెరికాలో వైర్ మిచెల్ అనే డాక్టరు 'విశ్రాంతి చికిత్స' పేరుతో ఎందరో స్త్రీలని చదువుకీ రాతకీ దూరం చేసి మంచానికి పరిమితం చేశాడు. ఆ చికిత్స అనుభవించిన షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ రాయగా 1892లో అచ్చయిన 'ద ఎల్లో వాల్‌పేపర్' మనలో చాలామంది చదివాం, పాఠంగా కూడా చెప్పాం. నేనూ చెప్పాను. ఒక మనిషిని నిమ్మళపరచడం అంటే ఎవరి నిమ్మళం అని క్లాసులో అడిగాను కూడా. అదే ప్రశ్న బల్ల కింద దూరిన పిల్లవాడి విషయంలో వేసుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. చరిత్ర చదువుకున్నదాన్ని కనుక చరిత్రలోనే వెతకడం మొదలుపెట్టాను. బడిలో, ఆసుపత్రిలో, ఇలాంటి పిల్లల్ని ఎవరు ఎలా ఊరుకోబెట్టారు? ఆ గదిలో ఇంకెవరున్నారు?

చాలామంది మొదలుపెట్టే చోటే నేనూ మొదలుపెడతాను. 1800 జనవరిలో ఫ్రాన్స్‌లోని అవెరాన్ ప్రాంతంలో అడవి నుంచి ఒక పిల్లవాడు దొరికాడు. పన్నెండేళ్ళుంటాయి, మాటలు లేవు. పారిస్‌లో బధిరుల విద్యాలయంలో డాక్టరుగా ఉన్న జాన్ ఇతార్ అనే 26 ఏళ్ళ యువకుడు వాణ్ణి మనిషిని చేస్తానని పూనుకున్నాడు. విక్టర్ అని పేరు పెట్టాడు. వాడిది ఆటిజమా, కాదా అన్నది ఇప్పటికీ తెగని వాదం. మనస్తత్వవేత్త ఉటా ఫ్రిత్ 1989లో ఔననే వైపు వాదించింది, వేరేవాళ్ళు కాదన్నారు. నాకు ఆ తీర్పు ముఖ్యం కాదు. ఇతార్ రాసిన నివేదికల్లో, పాఠం కష్టమైనప్పుడు పిల్లవాడికి ఏం జరిగేదో చాలా వివరంగా ఉంది. అక్షరాల అట్టలు విసిరేసేవాడు, దుప్పట్లు కొరికేవాడు, పొయ్యిలో నిప్పులు ఎగజిమ్మేవాడు. ఒకరోజు ఇతార్ ఏం చేశాడంటే, విక్టర్‌కి ఎత్తంటే భయమని గుర్తుపెట్టుకుని, నడుం పట్టి ఎత్తి, పై అంతస్తు కిటికీ బయట తలకిందులుగా వేలాడదీశాడు. మళ్ళీ లోపలికి తెచ్చేసరికి పిల్లవాడు పాలిపోయి, వణుకుతూ, పడేసిన అట్టలన్నీ ఏరాడు. తర్వాత మంచం మీద పడి ఏడ్చాడు. ఏడవడం అదే మొదటిసారి అని ఇతార్ రాసుకున్నాడు. చికిత్స ఫలించిందన్న తృప్తితోనే రాశాడు.

అదే నివేదికలో ఇంకొక వాక్యాల గుంపు ఉంది. విద్యాలయం తోటలో చెరువు గట్టున కూర్చుంటే విక్టర్ ఊగిపోవడం నెమ్మదిగా తగ్గేదట. ఎండుటాకులు నీళ్ళలో వేస్తూ గంటలు గడిపేవాడట. అంటే మందు ఏమిటో ఇతార్ కళ్ళతో చూశాడు, రాశాడు కూడా. కానీ అది చికిత్స అనుకోలేదు. ఆయన దృష్టిలో చికిత్స అంటే డాక్టరు చేసేది.

విక్టర్‌కి అన్నం పెట్టి, స్నానం చేయించి, రోజూ నడకకి తీసుకెళ్ళింది మదాం గెరాఁ అనే ఇల్లాలు. ప్రభుత్వం ఆమెకి కొంత జీతం ఇచ్చింది. భర్త చనిపోయిన తర్వాత, విక్టర్ అలవాటు ప్రకారం భోజనాల బల్ల మీద ఆయన పళ్ళెం కూడా పెట్టాడు. ఆమె ఏడవడం చూసి దాన్ని నెమ్మదిగా తీసేశాడు. ఇది కూడా ఇతారే 1806లో రాశాడు. ఆ తర్వాత డాక్టరు ఆసక్తి వేరే చోటికి మళ్ళింది. విక్టర్ 1828లో చనిపోయేదాకా మదాం గెరాఁ దగ్గరే ఉన్నాడు. ఇరవై ఏళ్ళకి పైగా అతని ఆవేశాలు ఎలా వచ్చాయో, ఆమె ఎలా దాటించిందో చెప్పే కాగితం ఆమె చేతి రాతలో మనకి లేదు. ఇతార్ మాత్రం ప్రత్యేక విద్యకి ఆద్యుడయ్యాడు.

ఇక్కడి నుంచి నూట ఇరవై ఏళ్ళు దాటి వియెన్నా వెళ్తాను, ఎందుకంటే అక్కడ ఇదే కథ ఇంకా భయంకరంగా మళ్ళీ జరిగింది. అక్కడి పిల్లల ఆసుపత్రిలో విద్యా చికిత్స విభాగం ఒకటుండేది. హాన్స్ ఆస్పర్గర్ 1944లో తన ప్రసిద్ధ పరిశోధన రాసింది అక్కడి పిల్లల మీదే. వార్డుని రోజూ నడిపింది విక్టోరిన్ జాక్ అనే నర్సు. ఆటలు, పాటలు, నాటకాలు, రోజుకొక క్రమం, అన్నీ ఆమెవే. ఒకసారి వార్డులో పిల్లలు కొట్టుకుంటుంటే ఆమె అరవకుండా, ఎవర్నీ పట్టుకోకుండా, ఒక డప్పు తీసుకుని లయగా కొడుతూ, ఆ లయకి అందర్నీ వరసలో నడిపించిందట. 1944లో బాంబు దాడిలో ఆ క్లినిక్ కూలినప్పుడు ఆమె చనిపోయింది.

ఆస్పర్గర్‌ని చాలాకాలం పిల్లల్ని నాజీల నుంచి కాపాడినవాడిగా చెప్పుకున్నారు. 2018లో హెర్విగ్ చెక్ అనే చరిత్రకారుడు వియెన్నా దస్తావేజులు తవ్వి వేరే సంగతి బయటపెట్టాడు. అదే ఏడు ఈడిత్ షెఫర్ పుస్తకం కూడా వచ్చింది. 1941లో ఆస్పర్గర్ ఇంకా మూడేళ్ళు నిండని ఒక పాపని అమ్ ష్పీగల్‌గ్రుండ్ అనే సంస్థకి పంపమని సంతకం చేశాడు. వికలాంగులైన పిల్లల్ని చంపిన చోటు అది. పాప రెండు నెలలకి చనిపోయింది. పంపడానికి కారణంగా, ఐదుగురు ఆరోగ్యవంతులైన పిల్లలున్న తల్లికి ఈ పాప భరించలేని భారం అని రాశాడు. తల్లి పేరు మీద! తల్లి అలసటని సాక్ష్యంగా పెట్టి పాపని శాశ్వతంగా ఊరుకోబెట్టారు. ఈ చరిత్రలో తల్లిని ఎప్పుడు దయతో తలుచుకున్నా నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

దయ లేకుండా తలుచుకున్నవాళ్ళ సంగతి మీకు కొంత తెలిసే ఉంటుంది. 1943లో లియో కానర్ అమెరికాలో 11 మంది పిల్లల గురించి రాశాడు, 8 మంది మగపిల్లలు, 3 ఆడపిల్లలు. ఈ పిల్లలు వాక్యూమ్ క్లీనర్ మోతకీ, గుడ్లు గిలక్కొట్టే మరకీ, నీళ్ళు పారే చప్పుడుకీ హడలిపోతారని అందులోనే ఉంది. శబ్దం అప్పుడే దొరికింది. కానీ ఆ దారి వదిలేసి, తర్వాతి పదేళ్ళలో చర్చ తల్లిదండ్రుల చల్లదనం మీదికి మళ్ళింది. 1949 నాటికి కానరే వాళ్ళని రిఫ్రిజిరేటర్‌తో పోల్చాడు. మాట తల్లులకే అంటుకుంది, 'రిఫ్రిజిరేటర్ తల్లి' అయింది. 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ 'ద ఎంప్టీ ఫోర్ట్రెస్'లో పిల్ల పుట్టకుండా ఉంటే బాగుండునన్న కోరిక తల్లిలో ఉందని వాదించాడు. అలాంటి పిల్లల్ని ఇంటి నుంచి వేరుచేసి తన బడిలో ఉంచుకున్నాడు. 1990లో ఆయన చనిపోయాక, ఆ బడిలో ఆయన తమని కొట్టేవాడని పూర్వ విద్యార్థులు కొందరు బయటపెట్టారు. 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్ అనే తండ్రి, తనూ మనస్తత్వవేత్త, ఇది పెంపకం వల్ల వచ్చేది కాదని పుస్తకం రాశాడు. 1969లో కానర్ తల్లిదండ్రుల సభలో వాళ్ళని నిర్దోషులుగా ప్రకటించాడు. ముద్దాయిలకి విచారణే జరగలేదు కదా, నిర్దోషులనడమేమిటి అనిపించింది నాకు.

హుస్సేనీ ఆలం పిల్లవాడి తల్లి ఇంట్లో ఫ్రిజ్ లేదు. లాడ్ బజార్ దుకాణాలకి లక్క గాజుల మీద రాళ్ళు అతికే పని ఇంట్లో కూర్చుని చేసేది. ఒక ఆసుపత్రిలో డాక్టరు "నువ్వు పిల్లాడితో మాట్లాడవా? ఎప్పుడూ పనిలోనే ఉంటావా?" అని అడిగాడని చెప్పి ఏడ్చింది. కానర్ నుంచి ఆమె దాకా ఆ ప్రశ్న ఎన్ని చేతులు మారి వచ్చిందో!

తల్లిని నిందించనివాళ్ళు పిల్లవాణ్ణి లొంగదీసే శాస్త్రం తయారుచేశారు. లాస్ ఏంజెలెస్ విశ్వవిద్యాలయంలో ఐవర్ లోవాస్ పని మీద 1965లో 'లైఫ్' పత్రిక ఫొటోలతో పెద్ద వ్యాసం వేసింది. చెప్పినట్టు చేస్తే తిండి, ముద్దు. చేయకపోతే అరుపు, చెంపదెబ్బ, కొన్నిసార్లు కరెంటు షాకు. దీన్నుంచే ఎదిగిన ప్రవర్తన చికిత్స తర్వాత షాకులు వదిలేసి చాలా మారింది, దానివల్ల మాటలు నేర్చిన పిల్లలూ ఉన్నారు. అది కాదనను. కానీ 1974లో ఇదే లోవాస్, జార్జ్ రేకర్స్‌తో కలిసి, 'ఆడపిల్లలా' ప్రవర్తిస్తున్న ఒక చిన్న అబ్బాయిని మార్చడం మీద వ్యాసం రాశాడు. బొమ్మలతో ఆడితే తల్లి మొహం తిప్పుకోవాలి, తుపాకీతో ఆడితే నవ్వాలి. చేతులు ఊపే పిల్లవాణ్ణీ, నడుం ఊపే పిల్లవాణ్ణీ ఒకే పద్ధతితో సరిచేయబోయారు. మన పత్రిక చదివేవాళ్ళకి ఇంతకన్నా విడమరిచి చెప్పక్కర్లేదు.

ఈ గదుల్లో ఇంకొక రకం మనుషులు కూడా ఉన్నారు, వాళ్ళ దగ్గరికే నేను రావాలనుకున్నది. సిబిల్ ఎల్గర్ మాంటిసోరి శిక్షణ పొందిన టీచరు. 1960ల మొదట్లో లండన్‌లో తన ఇంటి నేలమాళిగలో కొద్దిమంది ఆటిస్టిక్ పిల్లలకి బడి పెట్టింది. మూసేసిన వార్డుల్లో ఉన్న పిల్లల్ని చూసి, వీళ్ళకి చదువు చెప్పొచ్చు అనుకున్న కొద్దిమందిలో ఒకతి. చెదరని రోజువారీ క్రమం, తక్కువ మాటలు, చేతికి పని. 1962లో తల్లిదండ్రులు పెట్టుకున్న సంఘం 1965లో ఈలింగ్‌లో బడి తెరిస్తే దాన్ని నడిపింది ఆమే. ఆ సంఘం పెట్టినవాళ్ళలో ఒకరైన లోర్నా వింగ్ సైకియాట్రిస్టు, ఆటిజం ఉన్న కూతురి తల్లి. ఆటిజం ఒక విస్తృతమైన వర్ణపటం అన్న ఇవాళ్టి అవగాహన ఎక్కువగా ఆమె పని నుంచే వచ్చింది. మాంటిసోరి కూడా మొదట రోమ్‌లో మందబుద్ధులని పక్కనపెట్టిన పిల్లలతోనే మొదలుపెట్టింది, ఇతార్ రాతలు చదివే. 1939 నుంచి 1946 దాకా మన దేశంలోనే, ఎక్కువగా మద్రాసు అడయార్‌లో, కొడైకెనాల్‌లో ఉంది. ఆమె పేరు మన ఊళ్ళలో ఫీజులు ఎక్కువున్న ఇంగ్లీషు మీడియం బళ్ళ బోర్డుల మీద మిగిలింది. మొదట ఎవరి కోసం పుట్టిన పద్ధతో ఆ పిల్లలకే ఆ బళ్ళలో సీటు దొరకడం కష్టం.

జీన్ ఎయిర్స్ అనే ఆక్యుపేషనల్ థెరపిస్టు 1972లో రాసిన పుస్తకం శరీరం వైపు నుంచి ఆలోచించింది. శబ్దం, వెలుతురు, స్పర్శ, తూగు, ఇవన్నీ కొందరి నాడీవ్యవస్థలో కుదురుకోవు అంది. ఆమె సిద్ధాంతంలో ప్రతిదీ నిలవలేదు గాని, బల్ల కింద దూరినవాడు మొండివాడు కాకపోవచ్చు, వాడి చెవిలో గంట మన చెవిలో గంట కాకపోవచ్చు అన్న మాట నిలిచింది. దాన్ని లోపలి నుంచి చెప్పింది టెంపుల్ గ్రాండిన్. పద్దెనిమిదేళ్ళప్పుడు అరిజోనాలో పిన్ని పశువుల క్షేత్రంలో, సూది వేయడానికి పశువుని రెండు పలకల మధ్య నొక్కి నిలిపే చట్రం చూసింది. బెదిరిన పశువు ఆ ఒత్తిడిలో నెమ్మదించడం గమనించి, తనకోసం అలాంటిది చెక్కతో చేసుకుంది. ఎంత గట్టిగా నొక్కాలో మీట తన చేతిలోనే ఉండేది. అసలు తేడా ఆ మీటలో ఉంది. మేం ముగ్గురం పట్టుకున్నప్పుడు కూడా ఒత్తిడే. మీట మా చేతిలో ఉంది.

1985లో ఎడ్వర్డ్ కార్, మార్క్ డ్యూరాండ్ ఒక చిన్న సంగతి నిరూపించారు. కొట్టుకోవడం, విసరడం, అరవడం, ఇవన్నీ ఏదో అడగడమే. 'ఇది కష్టంగా ఉంది, సాయం చెయ్యి' అని చెప్పే మాటో సైగో నేర్పితే ఆ ప్రవర్తన తగ్గుతుంది. 1980ల చివర్లో జెఫ్ కాల్విన్, జార్జ్ సుగాయ్ ఇలాంటి ఘట్టానికి ఒక కొండ ఆకారం గీశారు. నిమ్మళంగా ఉన్నచోట ఏదో తగులుతుంది, కలవరం మొదలవుతుంది, ఎక్కుతుంది, శిఖరం చేరుతుంది, దిగుతుంది, తేరుకుంటుంది. టీచరు చేయగలిగిందంతా ఎక్కకముందే. వేళ్ళు నలపడం, అదే మాట పదేపదే అనడం, నడక వేగం పెరగడం కనిపించినప్పుడు పని తగ్గించాలి, బయటికి పోయే దారి చూపాలి. శిఖరం మీద ఉన్న పిల్లకి భాష అందదు. అప్పుడు చెప్పే బుద్ధులు, బెదిరింపులు, చివరికి బుజ్జగింపులు కూడా ఇంకొక మోత అవుతాయి. చూసేవాళ్ళని పంపించాలి. ఎదురుగా నిలబడకూడదు, కళ్ళలోకి చూడమనకూడదు. తలకి తగిలే చోట మెత్తనిది అడ్డం పెట్టాలి. ప్రాణానికి అపాయం అనిపిస్తే తప్ప చెయ్యి వేయకూడదు. గొంతు తగ్గించాలి, లేదా అసలు మాట్లాడకూడదు. ఏడుపు ఆగగానే అయిపోయిందనుకుని "ఎందుకు చేశావ్, సారీ చెప్పు" అన్నారా, కొండ మళ్ళీ మొదలు. శరీరం తేరుకోవడానికి మనం అనుకునేదానికంటే చాలా ఎక్కువసేపు పడుతుంది. బ్రిటన్‌లో ఆండ్రూ మెక్‌డొనెల్ దీన్నే 'లో అరౌజల్' పద్ధతి అన్నాడు. ముందు చల్లబడాల్సింది పెద్దవాళ్ళు అని దాని సారం. ఇవన్నీ చదువుతుంటే నాకు పుస్తకంలో చేట కనపడింది, బియ్యం కనపడింది. మా ఆయమ్మ ఐదో తరగతి దాటలేదు.

అయితే ఆయమ్మని దేవతని చేసి పక్కన పెట్టడం కూడా నాకిష్టం లేదు. స్త్రీలకి సహజంగానే తెలుసు అంటే, వాళ్ళకి శిక్షణా జీతమూ ఇవ్వక్కర్లేదు అని అర్థం వచ్చేస్తుంది. ఆమెకి తెలిసింది సహజంగా కాదు. "మా తమ్ముడు గిట్లనే ఉండె మేడం" అంది అడిగితే. ఏళ్ళ తరబడి చూసి నేర్చుకున్న విద్య అది. బడి రికార్డుల్లో ఆమె ఉద్యోగం ఊడ్చడం, నీళ్ళు పెట్టడం, గంట కొట్టడం.

హైదరాబాదుకి ఈ విద్య లేక కాదు. ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ 1968 నుంచి ఉంది. జాతీయ మానసిక వికలాంగుల సంస్థ 1984లో సికింద్రాబాదులోనే, బోయినపల్లి మనోవికాస్ నగర్‌లో మొదలైంది, ఇప్పుడు దాని పేరు మారింది. దేశమంతటి ప్రత్యేక విద్య టీచర్లకి పాఠాలు తయారైన ఊరు మనది. కానీ మూసీకి ఈవల నుంచి అక్కడికి పోయిరావడమంటే గాజుల పనిచేసే మనిషికి ఒకరోజు కూలి. పిల్లవాడితో బస్సులో అంత దూరం, ఆ హారన్ల మధ్య. ఒకసారి వెళ్ళి, రెండోసారి మధ్యలో దిగి వెనక్కి వచ్చేసిందామె.

చట్టాలు కూడా నెమ్మదిగానే నడిచాయి. 1995 వికలాంగుల చట్టం జాబితాలో ఆటిజం లేదు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టంలో మొదటిసారి పేరు వచ్చింది, 2016 చట్టం 21 వైకల్యాల్లో దాన్ని చేర్చింది. అంటే మా పిల్లవాడు బడిలో ఉన్నప్పుడు ధ్రువపత్రం కావాలంటే బుద్ధిమాంద్యం అనే గడిలోనే పట్టాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బడిలో కొట్టడాన్ని 2002లోనే ఉత్తర్వుతో నిషేధించారు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షనీ మానసిక వేధింపునీ రెండింటినీ నిషేధించింది. కాని చేతులు కాళ్ళు పట్టుకోవడం శిక్ష అవుతుందని మా స్టాఫ్‌రూంలో ఎవరికీ అనిపించలేదు. అది 'దెబ్బ తగలకుండా చూడటం'. సర్వశిక్షా అభియాన్ కింద భవిత కేంద్రాలు వచ్చాయి, ఒక్కో రిసోర్స్ టీచరు ఎన్నో బళ్ళు తిరగాలి. 2021లో సుప్రీంకోర్టు రజనీశ్ కుమార్ పాండే కేసులో ప్రాథమిక స్థాయిలో 10 మంది ప్రత్యేక అవసరాల పిల్లలకి ఒక ప్రత్యేక టీచరు, ఆ పైన 15 మందికి ఒకరు ఉండాలంది. నలభైమంది పిల్లలతో, ఒకే గదిలో రెండు తరగతులతో ఉన్న టీచరుకి "చూసేవాళ్ళని బయటికి పంపండి" అని చెప్పేముందు ఆ నలభైమందినీ ఎవరు చూస్తారో చెప్పాలి. అక్కడ కూడా మళ్ళీ ఆయమ్మే, మళ్ళీ జీతం లేని పనే.

ఆడపిల్లల గురించి ఒక మాట చెప్పకపోతే ఈ వ్యాసం నా కళ్ళలోకి నేను చూడలేనిది అవుతుంది. కానర్ కంటే చాలా ముందు, 1925లో మాస్కోలో గ్రున్యా సుఖరేవా ఆరుగురు మగపిల్లల్ని వర్ణించింది, 1927లో ఆడపిల్లల గురించి ప్రత్యేకంగా రాసింది. ఆమెని చాలా దశాబ్దాలు ఎవరూ చదవలేదు. ఆటిజం నలుగురు మగపిల్లలకి ఒక ఆడపిల్ల అని మనం చదువుకున్నాం. 2017లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష అది మూడుకి దగ్గరగా ఉంటుందంది, అంటే ఆడపిల్లల్ని గుర్తించడం లేదని. అదే తరగతిలో చివరి బెంచీలో ఒక అమ్మాయి ఉండేది. గంట మోగితే బల్ల కిందకి దూరేది కాదు, బిగుసుకుపోయేది. గంటసేపు పలక మీద ఒకే గీత గీసేది. ఎవర్నీ కొరకలేదు కనుక ఆమెని మేమెవరం పట్టుకోలేదు, చూడలేదు కూడా. 'బుద్ధిగా ఉంటుంది' అని ప్రోగ్రెస్ కార్డులో రాసింది నేనే. ఎదిగిన ఆటిస్టిక్ స్త్రీలు రాసుకున్నవి చదువుతుంటే ఆ అమ్మాయి గుర్తొస్తుంది. బయటికి పేలడం ఒక రకమైతే లోపలికి మూసుకుపోవడం ఇంకొక రకమని, రెండూ ఒకే బాధ అని వాళ్ళే చెప్తున్నారు. ఆమె ఏడో తరగతితో ఆపేసిందని తెలిసింది.

మళ్ళీ గంట దగ్గరికి వస్తాను. ఆ ఏడాది మా బడికి కొత్తగా వచ్చిన లెక్కల టీచరు, చిన్నపిల్ల, ఏ పుస్తకమూ చదవకుండానే ఒక పని చేసింది. గంట ఎప్పుడు మోగుతుందో వాడికి ముందే తెలియాలి కదా అని పలక మీద గడియారం బొమ్మ గీసి బల్ల మీద పెట్టేది. రెండు వారాలకి, ఆయమ్మతో మాట్లాడి, ఇంటర్వెల్ గంట వాడి చేతే కొట్టించింది. మేమందరం వద్దన్నాం. వాడు ఒక చెయ్యి చెవి మీద పెట్టుకుని, రెండో చేత్తో కడ్డీ పట్టుకుని, మెల్లగా మూడు దెబ్బలు కొట్టాడు. ఆ నాలుగు నెలలూ వాడు ఎవర్నీ కొరకలేదు. పద్ధతి అంతేనా అంటే అంతే కాదు. వాళ్ళమ్మ కూడా అప్పుడే మొదటిసారి వాడికి రంగురాళ్ళ డబ్బా ఇచ్చి పంపింది. ఇంట్లో వాడికి ఒళ్ళు తెలియనప్పుడు ఎర్రవి ఒక పక్క, పచ్చవి ఒక పక్క ఏరుకుంటూ కూర్చుంటాడని చెప్పింది. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా అంటే "మీరు అడగలే కదా మేడం" అంది.

తర్వాత లెక్కల టీచరుకి బదిలీ అయింది. ఆమె స్థానంలో వచ్చినవాళ్ళకి, గంట కొట్టడం పిల్లల పని కాదనిపించింది. పై అధికారి వస్తే మాట వస్తుందన్నారు. వాడు మరుసటి ఏడు రాలేదు. నేను వెళ్ళి అడగలేదు. అప్పటికి నా డిగ్రీ కాలేజీ ఉద్యోగం ఖాయమైంది, కాగితాల హడావుడిలో ఉన్నాను.

మొన్న వేసవిలో లాడ్ బజార్‌లో గాజులు కొంటూ, దుకాణం అతన్ని అడిగి ఆ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. బడి వెనక సందులోనే, మేడ మీద ఒక గది. ఆమె నన్ను గుర్తుపట్టింది. వాడికి ఇరవై తొమ్మిదేళ్ళు, గడ్డం పెరిగింది. తల్లి పక్కన కూర్చుని చిమటాతో లక్క మీద రాళ్ళు పెడుతున్నాడు, ఆమె కంటే వేగంగా. నా వైపు చూడలేదు. నేను కూడా వాడి వైపు చూడకుండా కొంచెం ఎడంగా కూర్చున్నాను. బడిలో ఇప్పుడు ఎలక్ట్రిక్ బెల్ పెట్టారని ఆమె చెప్పింది. "ఎండాకాలం సెలవులల్ల కూడా నాలుగుంబావుకి చెవులు మూసుకుంటడు మేడం" అంది. టైం చూసుకున్నాను. నాలుగు దాటి పది నిమిషాలైంది. వాడు చిమటా పక్కన పెట్టాడు.